దూలాలు హంసైన దారి

కోనసీమలో ఇప్పుడు ఏ ఊరికి వెళ్ళినా ఎక్కడో ఒకచోట పాత ఇల్లు విప్పుతూ కనిపిస్తారు. ముందు పెంకులు దిగుతాయి. తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలాలు, ఆఖరున స్తంభాలు. మండువా లోగిళ్ళు కట్టించినవాళ్ళ మనవలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్నారు. ఏటా వానలకు ముందు పెంకు తిరగవేయించే మనిషి ఊళ్ళో లేకపోతే ఎంత గట్టి ఇల్లయినా నాలుగేళ్ళలో లొంగిపోతుంది. అందుకని ఇళ్ళు విప్పేవాళ్ళను నేను తప్పుపట్టను. నా బెంగంతా కలప గురించే. చెక్కడపు పని ఉన్న ద్వారబంధాలకీ స్తంభాలకీ గిరాకీ ఉంది; రిసార్టులవాళ్ళు, పాత సామాను వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి పట్టుకుపోతారు. నగిషీ లేని దూలాలను మాత్రం ఘనపుటడుగుల లెక్కన బేరమాడి కోత మిల్లుకు తోలేస్తారు. అక్కడవి నిలువునా చీలి మంచం పట్టెలై, సోఫా కాళ్ళై నాలుగు ఊళ్ళకు చెదిరిపోతాయి. అంత నిడివి, అంత చేవ ఉన్న టేకు ఈ రోజుల్లో డబ్బు పెట్టినా దొరకడం కష్టం. ఒక పెద్ద ఇంటిని మోసిన కలప మళ్ళీ ఒక పెద్ద పనిలోనే కుదురుకోవాలని మా తాతగారి ఇల్లు విప్పినప్పుడు నేను పట్టుబట్టాను.

రంగూన్ ఓడలు కాకినాడ రేవుకు తిరిగే రోజుల్లో కట్టిన ఇల్లది. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయి ఆ రాకపోకలు తెగకముందే గృహప్రవేశం అయిపోయింది. దూలాలు, స్తంభాలు బర్మా టేకు. వాసాలకు మాత్రం గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రి అడితులకు దించిన మన్యం టేకు వాడారు. మండువా చుట్టూ ఎనిమిది స్తంభాలు. వాటిమీద కూర్చున్న దూలాలు ఒక్కొక్కటీ పద్నాలుగు అడుగుల పొడవు, పది అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల మందం. నలుగురు మనుషులు భుజం పెడితే గానీ ఒక్కటి కదలలేదు.

దూలం స్తంభం మీద కూర్చునే చోట ఇనుప మేకు లేదు. స్తంభం తలను నాలుకలా సన్నం చేసి, దూలంలో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా ఒక చెక్క మేకు దిగ్గొట్టారు. పనివాళ్ళు ఆ మేకును వెనకనుంచి తట్టి తీస్తే ఎనభై ఏళ్ళ పైబడిన అతుకు కిర్రుమని విడిపోయింది. అప్పుడు బెజ్జం లోపలి గోడ మీద ఉలితో గీసిన గుర్తు కనిపించింది. టార్చి వేసి చూస్తే తెలుగు అంకె: ౩. ఆ బెజ్జంలో కూర్చున్న స్తంభం తల మీదా అదే ౩. నేలమీద పరిచి ఒకదానికొకటి సరిచూసి, అంకె వేసి, విప్పి, మళ్ళీ పైన ఎక్కించి బిగించారన్నమాట. ౧ నుంచి ౮ వరకూ అన్నీ ఉన్నాయి. ఇంట్లో పుట్టి పెరిగిన మాకెవరికీ ఆ అంకెల సంగతి తెలియదు. అతుకు విడిపోతే తప్ప కనిపించని చోట ఆ వడ్రంగి వాటిని రాసిపెట్టుకున్నాడు.

ద్వారబంధం తమ్ముడు తీసుకున్నాడు. దాని పైకమ్మి మీద పూర్ణకుంభానికి అటొకటి ఇటొకటి హంసలున్నాయి, తోకలు తీగల్లా మెలితిరిగి కమ్మి చివరిదాకా పాకుతాయి. నేను దూలాలు, ఐదు స్తంభాలు, వీధి తలుపు రెక్కలు తీసుకున్నాను. ఊళ్ళో శాఖా గ్రంథాలయం హాలు విశాలంగా, బోసిగా ఉంటుంది. తాతగారి పుస్తకాలు అక్కడి బీరువాల్లోనే ఉన్నాయి. ఆ హాల్లో నిలబెట్టడానికి ఆరడుగుల హంసను చెక్కించాలన్నది నా కోరిక. తమ్ముడు ముందు నవ్వినా, తర్వాత ద్వారబంధం మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ రెండు హంసల అచ్చు తీసి ఇచ్చాడు. ఎందుకైనా పనికొస్తుంది, పట్టుకెళ్ళక్కా అన్నాడు.

పాత ఇంటిదైనా టేకు టేకే. లారీ ఎక్కించాలంటే అటవీశాఖ రవాణా పర్మిట్టు కావాలి. ఇల్లు విప్పినట్టు పంచాయతీ కాగితం, ఫొటోలు, ముక్కముక్కకీ పొడవు, వెడల్పు, మందం రాసిన జాబితా తయారుచేశాం. పైగా హంసను చెక్కించడానికి మేం వెళ్తున్నది శేషాచలం కొండల పక్కకి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తమ్మీద ఆ చుట్టుపక్కల కొండల్లోనే. దాన్ని దొంగతనంగా నరికి తరలించేవాళ్ళ కోసం కాపు కాసే చెక్‌పోస్టుల్లో కలప లారీని ఊరికే వదలరు, వదలకూడదు కూడా.

రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన మీద వసిష్ఠ గోదావరిని దాటేసరికి పొద్దు వాలిపోయింది. తణుకు, ఏలూరు, విజయవాడ. కృష్ణ దాటాక డ్రైవరు అబ్బాయి ఇక ఆపుకోలేక అడిగేశాడు. "ఏవండీ, ఇంత దూరం ఇంత బరువు మోసుకెళ్ళి బొమ్మ చేయించడవేంటండీ? మన రాజమండ్రిలో చెక్కేవాళ్ళు లేరాండీ?"

ఉన్నారు, మంచి పనివాళ్ళే. కానీ తలుపు మీద హంసను చెక్కడం వేరు, నాలుగు వైపుల నుంచీ చూసే ఆరడుగుల హంసను నిలబెట్టడం వేరు. ఒకటి పలక పని, ఇంకొకటి దిమ్మె పని. పెద్ద కొయ్య విగ్రహాలు, గుడి వాహనాలు వంశపారంపర్యంగా చేసే ఊరు మాధవమాల. అందుకే పెన్నా దాటి, నాయుడుపేట దగ్గర పెద్ద రోడ్డు వదిలి పడమటికి తిరిగాం. తెల్లవారుతుండగా స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి రాజగోపురం కనిపించింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం 2010 మే నెలలో కూలిపోతే అదే చోట మళ్ళీ కట్టినది. అక్కడ టీ తాగి ఏర్పేడు వైపు సాగాం.

మాధవమాల వీధిలో ఇళ్ళ ముందరే పని. చెట్ల కింద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు. ఒకచోట ముఖం తేలి కాళ్ళింకా దిమ్మెలోనే ఉన్న వేంకటేశ్వరస్వామి, మరోచోట గుడి తలుపుకు దశావతారాలు. ఒకావిడ మోకాళ్ళ మధ్య వినాయకుణ్ణి పెట్టుకుని గరుకు కాగితంతో తొండం కింది మడత రుద్దుతోంది. కాలు పెట్టినచోటల్లా చెక్కపేళ్ళు. ఉలి చప్పుళ్ళు రకరకాలుగా వినిపిస్తాయి, కాసేపు నిలబడితే ఏ ఇంట్లో పెద్ద చెక్కు తీస్తున్నారో, ఏ ఇంట్లో కళ్ళు దిద్దుతున్నారో తెలిసిపోతుంది.

మేం మాట్లాడుకున్న ఆచారిగారికి అరవై దాటి ఉంటాయి. పలకరింపులు అయ్యాక లారీ వెనక తలుపు దింపించి, దూలాన్ని పైనుంచి చూడలేదు. కొసల దగ్గరికి వెళ్ళారు. తడిగుడ్డతో కొస తుడిచారు. ఎనభై ఏళ్ళ మసి, సున్నం పోయి వలయాలు తేలాయి. బొటనవేలితో కొలిచి అంగుళానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నారు, పన్నెండు దాకా వచ్చాయి.

"నిదానంగా పెరిగిన చెట్టమ్మా ఇది. అడవిలోది. ఇప్పుడు తోటల్లో ఏపుగా పెంచే టేకులో ఇట్ల యాడుంటాది?" అన్నారు. తర్వాత కొయ్య సుత్తితో ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తడుతూ నడిచారు. గలగలమన్నచోట నవ్వారు, బొదబొదమన్నచోట సుద్దముక్కతో గీత గీశారు. చివరికి జేబులోంచి చిన్న ఉలి తీసి ఓ పలచటి పేడు లేపారు. పైన బూడిద నలుపు, కింద తేనెరంగు. ఆ పేడును నలిపి నా చేతిలో పెట్టారు. టేకు నూనె వాసన అప్పటికీ ఘాటుగానే ఉంది. ఆ నూనె వల్లే చెదపురుగు టేకు చేవ జోలికి సామాన్యంగా రాదు.

స్తంభాలు మాత్రం అడుగున మెత్తబడ్డాయి. 1986 ఆగస్టులో గోదావరి గట్లు తెంచుకుని ఊళ్ళమీద పడినప్పుడు మా ఇంట్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. ఆ తడి రాతిదిమ్మె మీది స్తంభం కొసలోకి ఎక్కి, ఏటా వానకి మళ్ళీ నాని, మూరెడు మేర పుచ్చిపోయింది. అంత మేరా కోసేయాలన్నారు.

ఆ తర్వాత ఆయన ఒక మాట అడిగారు. దానికోసమే అంతసేపూ ఆగారనిపించింది. "పూజకా తల్లీ?"

కాదన్నాను. గ్రంథాలయంలో పెట్టడానికన్నాను. ఆయన ముఖం తేలికపడింది. పూజలు అందుకునే మూర్తికి ఇంకోచోట వాడిన కొయ్య ఒప్పదని ఆయన పట్టింపు. ఈ పట్టింపు వెనక చాలా పెద్ద చరిత్రే ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమకు చెట్టును ఎంచుకునే విధానానికి ఒక అధ్యాయమే కేటాయించాడు: శ్మశానంలో పెరిగినది వద్దు, పిడుగు పడినది వద్దు, ఎంచుకున్న చెట్టుకు ముందు పూజచేసి, దాన్ని ఆశ్రయించుకున్న భూతాలను వేరే చోటికి వెళ్ళమని ప్రార్థించాలి. పూరీలో నవకళేబరం నాడు, ఆమధ్య 2015లో జరిగినట్టే, జగన్నాథుడికి కొత్త వేప దారువుతో మూర్తిని చేస్తారు. పాత మూర్తిని భూస్థాపితం చేస్తారు తప్ప ఆ కొయ్యను మరో పనికి ముట్టుకోరు. ఆ నియమాన్ని నేను గౌరవిస్తాను. అయితే అది గర్భగుడికి సంబంధించినది. ఆ జంకు మెల్లగా పాకి, పాత ఇంటి కలప అంటేనే అరిష్టమనే దాకా వచ్చింది మన ఊళ్ళల్లో. కొత్త ఇంటి యజమాని ఆ కలప ముట్టడు, శిల్పి చేతికి రాదు, మిల్లుకి పోతుంది. ఆచారిగారి లాంటి నిష్ఠాపరుడే పూజకు కాని శిల్పానికి ఏ దోషమూ లేదని తేల్చి చెప్పినప్పుడు నాకు కొండంత ధైర్యం వచ్చింది. అయినా దూలాలు దించగానే ఆయన పసుపునీళ్ళు చల్లి, కొబ్బరికాయ కొట్టాకే ఉలి ముట్టుకున్నారు.

మొదటి పని చెక్కడం కాదు, మేకులు తీయడం. ఓ కుర్రాడు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి, దూలం పక్కలమ్మట మెల్లగా ఈడ్చుకుంటూ వెళ్ళాడు. అది టక్కుమని అతుక్కున్నచోట సుద్దతో చుక్క. కొన్ని మేకుల తలలు పైకి కనపడవు, ఎప్పుడో తుప్పుపట్టి విరిగి లోపలే ఉండిపోయాయి. టేకులో ఇనుము దిగినచోట చుట్టూ నల్లటి మరక పాకుతుంది; ఆ మరకను పట్టుకుని తవ్వితే మేకు దొరుకుతుంది. సాయంత్రానికి ఒక పాత డబ్బా నిండింది. ఉయ్యాల గొలుసు వేలాడిన లావుపాటి కొక్కెం, లాంతరు కొక్కేలు, నలుపలకల నాటు మేకులు, కరెంటు వచ్చాక వైరు పట్టీలకు కొట్టిన సన్న మేకులు. ఒక్క మేకు మిగిలిపోయినా మిల్లు రంపం పట్టీ తెగి మనిషి మీదకు ఎగురుతుంది. పాత ఇంటి కలప అంటే కోత మిల్లువాళ్ళు ఎందుకు వెనకాడతారో అక్కడ అర్థమైంది. మాకు కోయడానికి ఒప్పుకున్న మిల్లాయన ఆచారిగారి మాట మీద, ఆ డబ్బా చూశాకే ఒప్పుకున్నాడు.

కోసిన ముక్కల్ని వెంటనే అతకలేదు. రేకుల షెడ్డులో ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యమధ్య పుల్లలు పెట్టి వేసవి దాటేదాకా వదిలేశారు. అన్నేళ్ళు ఎండిన చెక్కకి ఇంకా ఎండేదేముంది అనుకోవచ్చు. కానీ ఎంత పాతదైనా చెక్క చుట్టూ ఉన్న గాలిలోని తేమనిబట్టి కొద్దికొద్దిగా ఉబ్బుతూ తగ్గుతూనే ఉంటుంది. పొడవులో దాదాపు కదలదు, కదిలేదంతా అడ్డంలోనే. సముద్రం పక్కన, కొబ్బరితోటల చెమ్మలో బతికిన కలప శ్రీకాళహస్తి ఎండకి వచ్చింది. కొత్తగా కోసిన ముఖాల మీద సన్నటి నెర్రెలు విచ్చాయి. విచ్చుకోవలసినవన్నీ శిల్పం కాకముందే విచ్చుకోవాలని ఆయన లెక్క. నేను ఇంటికి వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళేసరికి హంస ఒళ్ళు నిలబడి ఉంది, ఇంకా హంసలా కాదు, ఒక పెద్ద పెట్టెలా. దూలం ముక్కల్ని పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి, పీచు అన్నిట్లోనూ ఒకే దిక్కుకు నడిచేలా అతికారు. దిక్కులు మారితే ఒకటి అడ్డంగా ఉబ్బుతుంటే ఇంకొకటి నిలువునా పట్టుకుంటుంది, అతుకు తెగుతుంది. టేకు నూనె బంకను పట్టనివ్వదు కాబట్టి చిత్రిక పట్టిన పూటే ఆ ముఖాలకు బంక రాయాలి. ఆచారిగారి నాన్నగారి రోజుల్లో వజ్రం బంక కాచి పోసేవారట. ఇప్పుడు ఫెవికాల్, ఇనుప క్లాంపులు. లోపల డొల్ల. పొట్ట భాగంలో నాలుగు అంగుళాల మందం మాత్రమే ఉంచి మిగతాది తీసేశారు. గుండెకాయ ఉన్న దుంగ నిలువునా పగలక తప్పదు; బయటి పొర ఒక వేగంతో, లోపలి భాగం ఇంకో వేగంతో ఆరుతాయి. డొల్ల చేస్తే ఆ లాగుడు ఉండదు, బరువూ తగ్గుతుంది. జపాన్‌లో ఊజీ పట్టణంలోని బ్యోదోఇన్ ఆలయంలో జోచో అనే శిల్పి 1053లో చేసిన అమిద బుద్ధుడి విగ్రహం ఉంది, దాదాపు తొమ్మిది అడుగులది. అదీ ఇలాగే ముక్కలు కలిపి, లోపల డొల్ల చేసి నిలిపినదే. ఆచారిగారికి ఫోనులో దాని బొమ్మ చూపించాను. చాలాసేపు పెద్దది చేసి చూసి, "మన పనే" అన్నారు.

అన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయింది మెడ. హంస మెడ రెండుసార్లు వంపు తిరుగుతుంది. దూలంలో పీచు తిన్నగా నడుస్తుంది. ఆ తిన్నని చెక్కలోంచి వంపును కోస్తే, వంపు తిరిగిన చోట పీచు అడ్డం పడుతుంది. అక్కడ ఓ పిల్లవాడు చెయ్యేసి వేలాడితే మెడ టక్కున విరుగుతుంది. గ్రంథాలయంలో పిల్లలు వేలాడతారు కూడా. అందుకని మెడను ఒకే ముక్కలో తీయలేదు. ఐదు ముక్కలు. ప్రతి ముక్కలోనూ పీచు ఆ చోట మెడ ఎటు వంగుతుందో అటే నడిచేలా దూలాన్ని ఏటవాలుగా కోసి, కొసలు ఒకదానిలోకి ఒకటి దిగేలా చెక్కి, చెక్క మేకులతో బిగించారు.

మరి ఆ అతుకులు కనపడవా? తమ్ముడు తీసిచ్చిన అచ్చుకాగితం అక్కడ పనికొచ్చింది. మా ద్వారబంధం మీది హంసకు మెడలో మూడు వరుసల మువ్వల పట్టీ ఉంది. ఆచారిగారు ఆ కాగితాన్ని గోడకు అంటించి, రెండడుగులు వెనక్కి నడిచి, మళ్ళీ దగ్గరికొచ్చి చూశారు. "ఎవరో గాని బాగా తెలిసినోడమ్మా" అన్నారు. అతుకులు ఎక్కడెక్కడ పడుతున్నాయో అక్కడే ఆభరణాలు వేశారు: కింద మువ్వల పట్టీ, మధ్యలో పూసల దండ, తల కింద సన్నటి కంటె. మువ్వ మువ్వకీ మధ్య ఉన్న పల్లంలో అతుకు గీత దాగిపోయింది. నేను వేలితో తడిమి వెతికాను, దొరకలేదు.

తోక కూడా ఆ కాగితంలోదే. నిజం పక్షి తోక కాదు, తీగ. కోనసీమ వడ్రంగి అంగుళం లోతున పలక మీద చెక్కిన మెలికను ఆయన గుండ్రంగా, వెనక్కి తిరిగి చూస్తే అటువైపూ ఉండేలా విప్పారు. పలక మీద ఒక వంపు ఇంకొక వంపు వెనక్కి వెళ్ళిపోతే సరిపోతుంది, వెనకేముందో ఎవరూ అడగరు. ఇక్కడ వెనకదాన్ని కూడా ఊహించి చేయాలి. ఆ పని కుర్రాళ్ళకు ఇవ్వలేదు, తానే చేశారు. టేకులో సన్నటి ఇసుకలాంటి ఖనిజం ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది. పది దెబ్బలు, ఒకసారి సానరాయి; మళ్ళీ పది దెబ్బలు. పక్కన కూర్చుని చూస్తే చెక్కే వేళకంటే నూరే వేళే ఎక్కువనిపిస్తుంది.

తలుపు రెక్కల పలకలు హంస రెక్కలయ్యాయి. అవి విడిగా ఉండాలి, లేకపోతే లారీలోంచీ పట్టవు, గ్రంథాలయం గుమ్మంలోంచీ పట్టవు. విప్పి బిగించే అతుకు ఎక్కడ పెట్టాలని ఆలోచిస్తూ ఆయన ఒళ్ళు చుట్టూ తిరిగారు. భుజం దగ్గర పాత బెజ్జం ఒకటి బయటపడి ఉంది, తాతగారి స్తంభం తల కూర్చున్నది. దాన్ని చెక్కముక్కతో పూడ్చి చదును చేస్తారనుకున్నాను. ఆయన అందులో చెయ్యి పెట్టి లోపలి గోడలు తడిమారు. "ఇంత శుభ్రంగా తొలిచిపెట్టినాక మళ్ళా మనమేం తొలిచేది?" అంటూ రెక్క మొదలును ఆ బెజ్జానికి సరిపోయే నాలుకగా చెక్కారు. రెండో వైపు దానికి జోడీగా కొత్త బెజ్జం తొలిచారు. రెక్క దించి చూస్తే గోరు పట్టేంత సందు కూడా లేదు. పాత బెజ్జంలో ౩ అంకె అలాగే ఉంది. ఆయన ఉలి తీసుకుని ఆ రెక్క నాలుక మీద ౩ గీశారు. రెండో రెక్క మీదా, దాని బెజ్జంలోనూ ౪.

దూలం పొడవునా ఉన్న పెద్ద నెర్రెను వీపు కిందికి, రెక్కలు కప్పే చోటికి పోయేలా ముందే చూసుకున్నారు. చిన్న నెర్రెల్లో లప్పం నింపలేదు. అదే కలపలోంచి తీసిన సన్నటి చీలికల్ని బంకతో దించి చదును చేశారు. మేకుల చుట్టూ పాకిన నల్లమరకలు కొన్ని రొమ్ము మీద మిగిలాయి. రంగు వేసి కప్పమంటారా అని అడిగారు, వద్దన్నాను. ఈకల వరుసల మధ్య అవి చుక్కల్లా కనిపిస్తాయి, నాకు నచ్చాయి. స్తంభాల్లో మంచి భాగం పద్మపీఠం అయింది. చివరికి పాలిష్ పట్టకుండా అవిసె నూనె పట్టించారు. మొదటి పూతకే తేనెరంగు ముదిరి, చెక్క లోపలి గీతలన్నీ పైకి లేచాయి.

తిరుగు ప్రయాణంలో హంస మూడు మూటలుగా వచ్చింది. ఊళ్ళో దింపేటప్పుడు జనం బాగానే పోగయ్యారు. మా వీధి పెద్దాయన ఒకాయన మాత్రం దూరంగా నిలబడి, ఇంటి దూలాలతో బొమ్మా అని సణిగారు. సాయంత్రం గ్రంథాలయం మూసేముందు తనే వచ్చి, మెడ కింద చేయి పెట్టి నిమిరి, మా ఇంట్లోనూ పాతవి రెండున్నాయి, ఏం చేయాలో చెప్పు తల్లీ అన్నారు. ఆయనకు చెప్పినదే అందరికీ చెప్తున్నాను. మిల్లుకు అమ్మేముందు ఒక్కసారి కొస తుడిచి వలయాలు చూడండి. పనివాళ్ళు ఉన్న ఊరికి ఒక్క ఫోను చేయండి. మాధవమాలలో మంచి టేకు కొనే స్తోమత లేక చవక చెక్కతో చిన్న బొమ్మలు చేసి తిరుపతి దుకాణాలకు ఇస్తున్న చేతులు ఎన్నో ఉన్నాయి. పెద్ద పని చేయగల చేతులవి. వాటికి కలప అందడం లేదు, ఇక్కడ కలపకి చేతులు అందడం లేదు.

మొదటి వానాకాలం గోదావరి జిల్లాలో చెమ్మ ఎలా ఉంటుందో హంసకి మళ్ళీ తెలిసింది. కుడి రెక్క బిగుసుకుపోయింది, మెడలో పూసల దండ దగ్గర వెంట్రుకంత గీత తేలింది. కంగారుపడి ఫోటో తీసి పంపాను. ఆచారిగారు వెంటనే ఫోను చేశారు.

"బంకా గింకా ఏమీ పుయ్యొద్దండమ్మా. వాన తాగింది, అంతే. సంక్రాంతి దాటినాక చూడండి. అప్పటికీ ఉంటే నేనే వస్తా."

సంక్రాంతి దాటేసరికి గీత మూసుకుపోయింది. ఇప్పుడు ఏటా మృగశిర కార్తెకు ముందు రెక్కలు విప్పి, ౩ని ౩లో, ౪ని ౪లో దించే ముందు నాలుకలకూ బెజ్జాలకూ పలచగా అవిసె నూనె రాస్తాం. ఆ పని గ్రంథపాలకుడి దగ్గర నేర్చుకుని ఇద్దరు హైస్కూలు పిల్లలు చేస్తున్నారు.